వెనక సస్పెన్షన్ ఇంజిన్ పవర్‌ను తింటుందా? గేర్‌బాక్స్ నుంచి టైరు దాకా ఒక లెక్క

సంక్షిప్తంగా: వెనక చక్రాలతో నడిచే కారులో ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ విడివిడిగా కదిలే ఏర్పాటు) ఉంటే పవర్ బాగా వృథా అవుతుందన్న మాట చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అందులో నిజం కొంచెమే. డ్రైవ్ షాఫ్టుల జాయింట్లు తినేది ఒక శాతం అటూ ఇటూ. అంతకంటే ఎక్కువ తినేవి క్రౌన్ పినియన్ (పవర్‌ను చక్రాల వైపు మళ్లించే గేర్ల జత), గేరాయిల్, టైర్లు. సస్పెన్షన్ డిజైన్ ప్రభావం నిజంగా కనిపించేది షాఫ్టుల దగ్గర కాదు, టైరు రోడ్డును తాకే చోట. డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) చూపే అంకెలో ఇవన్నీ కలిసిపోవడం వల్లే ఇంత గందరగోళం.

### ఒకే సస్పెన్షన్, రెండు తీర్పులు

కారు కంపెనీ బ్రోషర్‌లో రాసే హార్స్‌పవర్ ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ దగ్గర కొలిచింది. అదే కారును రోలర్ల డైనో మీద ఎక్కిస్తే అంకె తగ్గి కనిపిస్తుంది. ఈ తేడానే డ్రైవ్‌ట్రైన్ లాస్ అంటారు. వెనక చక్రాలతో నడిచే మాన్యువల్ కారుకు ఇది 15 శాతం ఉంటుందని ఒక మోటు సూత్రం వాడుకలో ఉంది. వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంటే దీనికి ఇంకొన్ని శాతాలు కలపాలని చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఈ చివరి మాటను పరీక్షించడానికి ఫోర్డ్ మస్టాంగ్ చరిత్ర కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. మస్టాంగ్ దశాబ్దాల పాటు వెనక సాలిడ్ యాక్సిల్‌తోనే, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసుతోనే వచ్చింది. 1999లో మాత్రం ఎస్‌వీటీ కోబ్రా అనే ఖరీదైన రకానికి ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్ ఇచ్చారు. అదే ఏడాది మామూలు మస్టాంగ్ జీటీకి సాలిడ్ యాక్సిల్ అలాగే ఉంది. కోబ్రాకు ఇచ్చిన కొత్త సెటప్‌ను కూడా పాత యాక్సిల్ బిగించే చోట్లనే బిగించేలా తయారు చేశారు. లోపల క్రౌన్ వీల్ సైజు కూడా అదే, 8.8 అంగుళాలు. అంటే దాదాపు ఒకే గేర్లు, దాదాపు ఒకే బాడీ, తేడా అంతా వెనక సస్పెన్షన్‌లోనే.

1999 కోబ్రాకు ఫోర్డ్ చెప్పిన పవర్ 320 హార్స్‌పవర్. కొన్నవాళ్లు డైనో మీద ఎక్కించి చూస్తే అంకెలు రావలసినంత రాలేదు. కొత్తగా వచ్చింది ఇండిపెండెంట్ సస్పెన్షన్ కాబట్టి మొదటి అనుమానం దాని మీదకు పోవడం సహజం. కానీ లోపం అక్కడ లేదు. ఫోర్డ్ అమ్మకాలు ఆపి, కార్లను వెనక్కి పిలిచి, ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఇంజిన్ కంప్యూటర్, క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతి ఎగ్జాస్ట్ భాగాలు మార్చింది. సస్పెన్షన్ జోలికి పోలేదు. ఇంజిన్ గాలి పీల్చుకోలేక, పొగ వదల్లేక ఇబ్బంది పడింది తప్ప షాఫ్టులు పవర్‌ను మింగేయలేదు.

ఇక 2003లో వచ్చిన సూపర్‌చార్జర్ కోబ్రా కథ సరిగ్గా దీనికి తిరగబడింది. అదే రకం ఇండిపెండెంట్ సస్పెన్షన్, చెప్పిన పవర్ 390 హార్స్‌పవర్. ఏ మార్పులూ చేయని కార్లే చక్రాల దగ్గర 360 దరిదాపుల్లో చూపించాయి. లెక్కేస్తే నష్టం 8 శాతం లోపే. సాలిడ్ యాక్సిల్ కారుకు కూడా ఇంత తక్కువ రావడం అరుదు. అర్థం ఏమిటంటే ఫోర్డ్ ఆ ఇంజిన్ పవర్‌ను తక్కువ చేసి చెప్పింది.

ఒక ఏడాది ఆ సస్పెన్షన్ దోషిలా కనిపించింది, మరో ఏడాది అద్భుతంలా కనిపించింది. రెండుసార్లూ మారింది ఇంజిన్ అంకె. బ్రోషర్ అంకెలోంచి డైనో అంకెను తీసేసి వచ్చిన తేడాను సస్పెన్షన్ ఖాతాలో వేయడంలో ఉన్న చిక్కు ఇదే.

### పవర్ నడిచే దారి

సాలిడ్ యాక్సిల్‌లో రెండు వెనక చక్రాలను ఒకే గట్టి హౌసింగ్ కలుపుతుంది. పవర్‌ను రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ దాని మధ్యలోనే ఉంటుంది. రోడ్డు గతుకుకు చక్రం లేస్తే హౌసింగ్ మొత్తం దానితోపాటు కదులుతుంది. లోపలి యాక్సిల్ షాఫ్టులు తిన్నగా ఉంటాయి, వాటికి వంగాల్సిన పని లేదు కాబట్టి జాయింట్లు అక్కర్లేదు. వంగాల్సిందల్లా గేర్‌బాక్స్ నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్. దాని రెండు చివర్లలో యూనివర్సల్ జాయింట్లు, ముందుకూ వెనక్కూ జరగడానికి స్ప్లైన్లు (ఒకదానిలో ఒకటి జారే గాళ్లు) ఉంటాయి.

ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. దాంతో ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెద్దగా మారదు. దానికి బదులు డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు వెళ్లే రెండు హాఫ్ షాఫ్టులు వంగాలి. ఒక్కో షాఫ్టుకు లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున మొత్తం నాలుగు జాయింట్లు వస్తాయి. ఈ రోజుల్లో ఇవన్నీ సీవీ జాయింట్లు, అంటే ఏ కోణంలో వంగినా వేగం హెచ్చుతగ్గులు లేకుండా తిప్పేవి. 1920ల్లో ఫోర్డ్ ఇంజినీర్ ఆల్‌ఫ్రెడ్ జెప్పా రూపొందించిన బంతుల జాయింటే నేటికీ బయటి జాయింట్లకు మూలం.

ఈ రెండింటికీ మధ్యలో డీ డియాన్ అనే పద్ధతి ఉంది. 1963 నాటి రోవర్ పీ6, 1972 నాటి ఆల్ఫా రోమియో ఆల్ఫెట్టా దానికి పేరున్న ఉదాహరణలు. చక్రాలను ఒక గొట్టం కలుపుతుంది కాబట్టి అవి సాలిడ్ యాక్సిల్‌లాగే కదులుతాయి. డిఫరెన్షియల్ మాత్రం ఛాసిస్‌కు బిగించి, జాయింట్లున్న హాఫ్ షాఫ్టులతో నడుస్తుంది. చక్రాలు ఎలా కదులుతాయి, పవర్ ఏ దారిన వెళ్తుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలని చూపడానికి ఈ డిజైన్ ఒక్కటి చాలు.

కొన్ని కార్లలో ఈ రెండూ మళ్లీ కలిసిపోయాయి. 1961 జాగ్వార్ ఈ-టైప్‌లో, 1963 కార్వెట్‌లో హాఫ్ షాఫ్ట్ చక్రాన్ని తిప్పడమే కాదు, సస్పెన్షన్‌కు పై చెయ్యిగా కూడా పనిచేసింది. మలుపులో పక్కకు పడే బరువంతా ఆ షాఫ్టూ దాని యూనివర్సల్ జాయింట్లూ మోయాల్సి వచ్చేది. పవర్ నష్టం కంటే ఆ జాయింట్లు అరిగిపోవడమే అక్కడ పెద్ద సమస్య.

### జాయింట్లు తినేదెంత?

నాలుగు జాయింట్లు అదనం అనగానే నాలుగు నష్టాలు కూడిపోతాయని అనిపిస్తుంది. అలా జరగదు. డిఫరెన్షియల్ పవర్‌ను రెండుగా పంచుతుంది. ఒక్కో వైపు పవర్ దాటేది రెండు జాయింట్లనే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. డిఫరెన్షియల్ నుంచి 300 హార్స్‌పవర్ బయటకు వస్తే ఒక్కో షాఫ్టుకు 150. చిన్న కోణంలో తిరుగుతున్న మంచి సీవీ జాయింట్ అర శాతం తింటుందని అనుకుంటే, రెండు జాయింట్లు దాటాక 148.5 మిగులుతుంది. రెండు వైపులా కలిపి 297. నష్టం 3 హార్స్‌పవర్, అంటే ఒక శాతం. ఈ అర శాతం అన్నది కూడా ఉదారంగా వేసుకున్నదే.

కోణం పెరిగితే నష్టం పెరుగుతుంది. జాయింట్ లోపల బంతులు గాడిలో ముందుకూ వెనక్కూ జరిగే దూరం కోణంతోపాటు పెరగడమే దానికి కారణం. అందుకే స్ప్రింగులు మార్చి కారును బాగా కిందికి దించినా, లిఫ్ట్ కిట్ వేసి పైకి లేపినా జాయింట్లు వేడెక్కుతాయి. అక్కడ ముందుగా బయటపడేది పవర్ తగ్గడం కాదు. రబ్బరు బూటు చిరగడం, గ్రీజు కారిపోవడం, టకటకమనే చప్పుడు.

జాయింట్ల మీద ఆరోపణకు అన్నిటికంటే గట్టి జవాబు ముందు చక్రాలతో నడిచే కార్లు. వాటిలోనూ అవే నాలుగు సీవీ జాయింట్లు ఉంటాయి. పైగా స్టీరింగ్ తిప్పినప్పుడు బయటి జాయింట్లు వెనక షాఫ్టులు ఎప్పుడూ చూడనంత కోణంలో వంగుతాయి. జాయింట్లే పెద్ద నష్టానికి కారణమైతే డ్రైవ్‌ట్రైన్ లాస్‌లో ఈ కార్లే మొదటి స్థానంలో ఉండాలి. వాస్తవంలో, వెనక చక్రాల కార్ల కంటే వాటి నష్టం తక్కువని అందరూ ఒప్పుకుంటారు. టాటా నానోను కూడా గుర్తు చేసుకోవచ్చు. వెనక ఇంజిన్, వెనక చక్రాలకు పవర్, వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్, జాయింట్లున్న షాఫ్టులు. 2009లో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ఇంజిన్ 624 సీసీ, పవర్ 35 హార్స్‌పవర్ దరిదాపుల్లో. ప్రతి రూపాయినీ, ప్రతి హార్స్‌పవర్‌నూ లెక్కపెట్టుకుని తయారు చేసిన కారులో ఆ ఏర్పాటు పెట్టారంటే జాయింట్ల నష్టం ఏపాటిదో ఊహించవచ్చు.

సాలిడ్ యాక్సిల్‌కూ తనవైన చిన్న నష్టాలున్నాయి. యాక్సిల్ పైకీ కిందికీ ఊగినప్పుడల్లా ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారుతుంది. మామూలు యూనివర్సల్ జాయింట్ 10 డిగ్రీలు వంగి తిరిగితే ఒక్కో చుట్టులో వేగం దాదాపు ఒకటిన్నర శాతం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. రెండు చివర్ల కోణాలూ సమానంగా ఉంటే ఒకటి చేసిన హెచ్చుతగ్గును మరొకటి సరిచేస్తుంది. లీఫ్ స్ప్రింగుల మీద కూర్చున్న యాక్సిల్ గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది, ఆ సమానత్వం చెడుతుంది. ఫలితం పవర్ నష్టం కంటే వణుకు రూపంలోనే ఎక్కువగా తెలుస్తుంది.

### అసలు ఖర్చు: క్రౌన్ పినియన్

పొడవునా అమర్చిన ఇంజిన్ పవర్‌ను వెనక చక్రాలకు పంపాలంటే ఎక్కడో ఒకచోట 90 డిగ్రీలు తిప్పాలి. ఆ పని క్రౌన్ పినియన్‌ది. 1920ల్లో ప్యాకార్డ్ కార్లతో హైపాయిడ్ గేర్లు వాడుకలోకి వచ్చాయి. వీటిలో పినియన్ క్రౌన్ వీల్ మధ్యరేఖకు కాకుండా దానికి కొంచెం కిందుగా తగులుతుంది. దీనివల్ల ప్రొపెల్లర్ షాఫ్ట్ కిందికి దిగి, క్యాబిన్ నేల ఎత్తు తగ్గింది. గేర్లు నిశ్శబ్దంగా, బలంగా కూడా తయారయ్యాయి. దానికి చెల్లించిన మూల్యం రాపిడి. పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాక పొడవునా జారతాయి కూడా. మామూలు ఇంజినాయిల్ అక్కడ నిలవదు. జీఎల్-5 రకం గేరాయిల్ కావాలి, అది చిక్కగా ఉంటుంది, ఆ చిక్కదనాన్ని చిలకడానికి కూడా పవర్ పోతుంది.

మంచి స్థితిలో ఉన్న హైపాయిడ్ డిఫరెన్షియల్ పూర్తి లోడు మీద 2 నుంచి 4 శాతం దాకా తింటుంది. 100 కిలోవాట్ల ఇంజిన్‌కు 3 శాతం అంటే 3 కిలోవాట్లు, అంటే ఇంట్లో గీజరు ఎంత వేడి పుట్టిస్తుందో డిఫరెన్షియల్ డబ్బాలో అంత వేడి పుడుతుంది. హైవే మీద చాలాసేపు పరుగెత్తిన కారు కింద హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత కాలిపోవడానికి కారణం ఇదే. ముందు చక్రాల కార్లలో చాలావాటికి ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, పవర్‌ను 90 డిగ్రీలు తిప్పక్కర్లేదు, ఫైనల్ డ్రైవ్‌కు, అంటే చివరి గేర్ల జతకు, మామూలు హెలికల్ (ఏటవాలు పళ్ల) గేర్లు చాలు. వాటి నష్టం ఒకటి రెండు శాతం. జాయింట్లు ఎక్కువున్నా ఆ కార్లు లాభంలో ఉండడానికి ఇదే కారణం.

పినియన్ ఎంత కిందికి ఉంటే రాపిడి అంత ఎక్కువ. ఫోర్డ్ 8.8 అంగుళాల డిఫరెన్షియల్‌లో ఈ దూరం ఒకటిన్నర అంగుళం. రేసర్లకు ఇష్టమైన పాత ఫోర్డ్ 9 అంగుళాల డిఫరెన్షియల్‌లో అది రెండు అంగుళాలు దాటుతుంది. అది బాగా బలమైనది, దానితోపాటు పవర్ ఎక్కువ తినేది కూడా. పవర్ నష్టం తగ్గుతుందని ఇండిపెండెంట్ సస్పెన్షన్ విప్పేసి, దాని స్థానంలో 9 అంగుళాల సాలిడ్ యాక్సిల్ పెట్టినవాళ్లు జాయింట్లలో మిగుల్చుకున్నదాన్ని పినియన్ దగ్గర తిరిగి ఇచ్చేసినట్టే. బలం కోసం పెట్టామంటే అది సరైన కారణం. పవర్ మిగులుతుందంటే లెక్క కుదరదు.

15 శాతం సూత్రాన్ని కూడా ఈ వేడి లెక్కతో పరీక్షించవచ్చు. 400 హార్స్‌పవర్‌లో 15 శాతం 60 హార్స్‌పవర్, అంటే 45 కిలోవాట్లు. ఇంత వేడి గేర్‌బాక్స్‌లో, డిఫరెన్షియల్‌లో మాత్రమే పుడితే కొద్ది నిమిషాల్లోనే ఆయిల్ మాడిపోవాలి. అలా జరగడం లేదు కాబట్టి ఆ 15 శాతంలో పెద్ద భాగం ఇంకెక్కడో పోతోంది.

### టైరు దగ్గరే అసలు తేడా

ఆ పోయే చోటు టైరు. సస్పెన్షన్ డిజైన్ నేరుగా ప్రభావం చూపేది కూడా ఇక్కడే.

టైరు రోడ్డును నెట్టాలంటే కొంచెం జారాలి. మామూలు ప్రయాణంలో ఈ జారుడు ఒక శాతం లోపే. పూర్తి పవర్‌తో బయలుదేరేటప్పుడు పొడి రోడ్డు మీద టైరు అత్యధిక పట్టు ఇచ్చేది సుమారు 10 శాతం జారుతున్నప్పుడు. చక్రానికి అందిన పవర్‌లో ఆ 10 శాతం వేడిగా మారిపోయినట్టే. పట్టు తప్పి చక్రం గిర్రున తిరిగితే నష్టానికి అంతుండదు. జాయింట్లలో పోయే ఒక శాతం దీని ముందు లెక్కలోకి రాదు.

ఇక్కడ సాలిడ్ యాక్సిల్‌కు ఒక బలం, ఒక బలహీనత ఉన్నాయి. బలం ఏమిటంటే, చక్రాలను తిప్పే టార్క్‌కు ప్రతిచర్య హౌసింగ్ మీదే పడుతుంది. లింకులను సరైన కోణంలో పెడితే ఆ ప్రతిచర్య టైర్లను రోడ్డుకు అదిమేలా చేయవచ్చు. డ్రాగ్ రేసర్లు (నేరు దారిలో పావు మైలు పందేలు ఆడేవాళ్లు) సాలిడ్ యాక్సిల్‌ను వదలకపోవడానికి కారణం ఇది. బలహీనత ఏమిటంటే, ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే బలం యాక్సిల్‌ను మొత్తంగా మెలిపెడుతుంది. దాంతో కుడి వెనక చక్రం మీద బరువు తగ్గి, ఎడమ చక్రం మీద పెరుగుతుంది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక్క చక్రమే జారిపోకుండా ఆపేది) లేని సాలిడ్ యాక్సిల్ కారు గట్టిగా కదిలినప్పుడు సాధారణంగా కుడి టైరే ముందు జారుతుంది. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ఆ మెలితిప్పు చక్రాల దాకా రాదు.

ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఇబ్బంది వేరే. సస్పెన్షన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్‌కూ బాడీకీ మధ్య, లింకుల చివర్లలో రబ్బరు బుష్‌లుంటాయి. ఒక్కసారిగా పవర్ పడినప్పుడు ఇవి నొక్కుకుపోయి, మళ్లీ వదిలి, చక్రం గెంతడం మొదలవుతుంది. దీన్ని వీల్ హాప్ అంటారు. 1999 తర్వాతి కోబ్రాల్లో డ్రాగ్ స్ట్రిప్‌కు వెళ్లేవాళ్లు ప్రధానంగా ఫిర్యాదు చేసింది దీని గురించే. గెంతిన ప్రతిసారీ టైరు గాల్లో వృథాగా తిరిగి, మళ్లీ నేలను తగిలినప్పుడు షాఫ్టు మీద దెబ్బ పడుతుంది, షాఫ్టులు విరిగిపోయేది అప్పుడే. అలాంటివాళ్లు సాలిడ్ యాక్సిల్ పెట్టుకున్నాక పావు మైలు టైమింగ్ తగ్గింది. తగ్గడానికి కారణం వీల్ హాప్ పోవడం, బరువు తగ్గడం. ఆ సమయాన్ని పవర్ నష్టంగా అనువదించుకోవడంతోనే అపోహ బలపడింది.

బరువు సంగతి చిన్నదేం కాదు. 1600 కిలోల కారుకు వెనక సస్పెన్షన్ వల్ల 40 కిలోలు పెరిగితే అది రెండున్నర శాతం. వేగం పుంజుకునేటప్పుడు దాని ప్రభావం రెండున్నర శాతం పవర్ తగ్గినదానికి దాదాపు సమానం. జాయింట్ల నష్టం కంటే ఇదే ఎక్కువ. అయితే డైనో మీద కారు కదలదు కాబట్టి అక్కడ ఈ బరువు కనపడదు.

తర్వాతిది అలైన్‌మెంట్. సాలిడ్ యాక్సిల్ చక్రాలు హౌసింగ్ వంగిపోతే తప్ప ఎప్పుడూ నేరుగానే ఉంటాయి. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో ఒక్కో చక్రానికీ టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం ఒరిగిన కోణం) వేరుగా ఉంటాయి. బుష్‌లు అరిగితే, గుంతలో గట్టిగా దెబ్బ తగిలితే అవి మారతాయి. టో తప్పడం వల్ల జరిగే నష్టం వింతగా పెరుగుతుంది. కోణం రెట్టింపైతే నష్టం నాలుగు రెట్లవుతుంది, ఎందుకంటే పక్కకు లాగే బలమూ, ఆ బలం వెనక్కి లాగే భాగమూ రెండూ కోణంతో పెరుగుతాయి. ఒక డిగ్రీకి 1000 న్యూటన్ల పక్క బలం ఇచ్చే టైరును తీసుకుంటే, 0.2 డిగ్రీల టో దగ్గర వెనక్కి లాగే బలం ఒక న్యూటన్ కూడా ఉండదు. ఒక డిగ్రీ దగ్గర అది టైరుకు 17 న్యూటన్లు దాటుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో రెండు వెనక టైర్లూ కలిసి దాదాపు ఒక కిలోవాట్ తింటాయి. 1500 కిలోల కారు మామూలు రోలింగ్ రెసిస్టెన్స్‌కు అదే వేగంలో పోయేది సుమారు 4 కిలోవాట్లు. అంటే అలైన్‌మెంట్ ఒక డిగ్రీ తప్పితే ఆ నష్టానికి నాలుగోవంతు అదనంగా కలుస్తుంది. టైరు అంచు దగ్గర చూస్తే ఒక డిగ్రీ 11 మిల్లీమీటర్ల తేడా. చెడిపోయిన కారులోనే అంత ఉంటుంది, కానీ మన రోడ్ల మీద చెడిపోయిన కార్లు అరుదేం కాదు.

### డైనో అంకెను చదవడం

రోలర్ల డైనో మీద కారును బెల్టులతో కిందికి లాగి కడతారు. ఎంత బిగిస్తే టైరు రోలర్‌కు అంత నొక్కుకుంటుంది, అంత వేడి. రోలర్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి టైరు చదునైన రోడ్డు మీదకంటే ఎక్కువ వంగుతుంది. సాలిడ్ యాక్సిల్ కారును ఎంత బిగించినా చక్రాల కోణం మారదు. ఇండిపెండెంట్ సస్పెన్షన్ కారును బిగిస్తే బాడీ కిందికి దిగి, టో, క్యాంబర్, హాఫ్ షాఫ్ట్ కోణం మూడూ మారిపోతాయి. రోడ్డు మీద లేని నష్టం ఒకటి డైనో మీద పుడుతుంది. ఇండిపెండెంట్ సస్పెన్షన్ మీద వచ్చే ఆరోపణల్లో కొన్ని ఇలా బెల్టుల దగ్గర పుట్టినవే అయ్యుంటాయి.

బరువైన డ్రమ్మును తిప్పి, అది వేగం పుంజుకునే తీరును బట్టి పవర్ లెక్కించే డైనోలు ఇంకో సంగతిని కలుపుతాయి. చక్రాలు, బ్రేక్ డిస్కులు, షాఫ్టులు కూడా తిరుగుతూ వేగం పెంచుకోవాలి, దానికి పోయే పవర్ కూడా నష్టంగానే నమోదవుతుంది. అదే కారుకు బరువైన పెద్ద చక్రాలు వేస్తే అంకె తగ్గుతుంది. అది రాపిడి కాదు, వేడిగా పోలేదు. హాఫ్ షాఫ్టుల వ్యాసం చిన్నది కాబట్టి వాటి వాటా ఇందులో తక్కువే.

ఇంకో సాధారణ పొరపాటు శాతాన్ని స్థిరంగా అనుకోవడం. నష్టంలో కొంత భాగం లోడును బట్టి పెరుగుతుంది, అది పళ్ల రాపిడి. ఇంకొంత భాగం వేగాన్ని బట్టి మాత్రమే మారుతుంది, అది ఆయిల్ చిలకడం, బేరింగులు, సీళ్లు. 300 హార్స్‌పవర్ కారుకు టర్బో వేసి 600 చేస్తే రెండో భాగం పెద్దగా మారదు. మొత్తం నష్టం హార్స్‌పవర్లలో పెరుగుతుంది, శాతంగా చూస్తే తగ్గుతుంది. కొన్ని డైనోలు క్లచ్ తొక్కి కారును దానంతటదే ఆగనిచ్చి, ఆ తీరును బట్టి నష్టాన్ని అంచనా వేస్తాయి. అప్పుడు గేర్ల మీద లోడు ఉండదు కాబట్టి మొదటి భాగం లెక్కలోకి రానే రాదు.

సస్పెన్షన్ ప్రభావాన్ని విడిగా తెలుసుకోవాలంటే చక్రాలు విప్పేసి హబ్బులకే బిగించే డైనో మేలు. టైరు సమస్య అంతా పక్కకు పోతుంది. ఒకే కారు, ఒకే రోజు, ఆయిల్ ఒకే వేడిలో ఉండగా, వన్-టు-వన్ గేర్‌లో (ఇంజిన్ ఒక చుట్టుకు ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా ఒక చుట్టు తిరిగే గేరు) పోల్చాలి. చాలా మాన్యువల్ కార్లలో అది నాలుగో గేరు. ఇవేవీ పాటించని పోలికలో ఒకటి రెండు శాతం తేడా వస్తే దానికి అర్థం ఉండదు.

### మన దగ్గర తిరిగే కార్లు

ఇక్కడి కొనుగోలుదారులకు ఈ చర్చలో ఎక్కువ భాగం వర్తించదు. కారణం ఒక్కటే, చాలా కార్లు ముందు చక్రాలతో నడుస్తాయి. ఎక్స్‌యూవీ700 లాంటి కారుకు వెనక మల్టీ లింక్ ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంది. ముందు చక్రాలతో నడిచే రకంలో వెనక చక్రాలకు పవరే వెళ్లదు, డ్రైవ్‌ట్రైన్ లాస్‌తో ఆ సస్పెన్షన్‌కు సంబంధమే లేదు. ఉన్న ప్రభావమల్లా కొంత బరువు, ఇంకా వెనక చక్రాలకు కూడా అలైన్‌మెంట్ చూడాల్సి రావడం.

బొలెరో, థార్, స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్, ఇన్నోవా క్రిస్టా ఇవన్నీ సాలిడ్ యాక్సిల్‌తో వెనక చక్రాలను నడిపేవి. బొలెరోకు లీఫ్ స్ప్రింగులు, మిగతావాటికి లింకులూ కాయిల్ స్ప్రింగులూ. స్కార్పియో-ఎన్‌లో యాక్సిల్ పక్కకు జరగకుండా వాట్స్ లింకేజ్ ఉంది. ఇవన్నీ సాలిడ్ యాక్సిల్‌ను ఎంచుకుంది పవర్ మిగలడం కోసం కాదు. బరువు మోయాలి, గుంతల్లో నిలవాలి, మరమ్మతు ఖర్చు తక్కువ కావాలి. క్రిస్టా నుంచి హైక్రాస్‌కు మారినప్పుడు మైలేజీ బాగా పెరిగింది. దాని వెనక హైబ్రిడ్ మోటారు, తేలికైన మోనోకాక్ బాడీ (విడిగా ఛాసిస్ లేనిది), ముందు చక్రాల డ్రైవ్ ఉన్నాయి. ప్రొపెల్లర్ షాఫ్టూ హైపాయిడ్ గేర్లూ లేకపోవడం అందులో ఒక చిన్న వాటా.

### ఎలక్ట్రిక్ కార్లతో మారుతున్న లెక్క

వెనక మోటారుతో నడిచే ఎలక్ట్రిక్ కార్లలో ఈ చర్చ తలకిందులైంది. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ లాంటివాటిలో మోటారు వెనక సబ్‌ఫ్రేమ్ మీద అడ్డంగా కూర్చుంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ లేదు, హైపాయిడ్ లేదు, ఉన్నవి హెలికల్ గేర్లూ హాఫ్ షాఫ్టులూ మాత్రమే. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌తో వచ్చే జాయింట్లు ఇక్కడా ఉన్నాయి, అయినా మోటారు నుంచి చక్రం దాకా నష్టం పాత వెనక చక్రాల కార్ల కంటే తక్కువ. పెద్ద నష్టం పోయాక మిగిలిన చిన్న నష్టం కంటికి ఆనుతుంది. ఒక శాతం మిగిల్తే 500 కిలోమీటర్ల రేంజ్‌కు అయిదు కిలోమీటర్ల దాకా కలుస్తాయి కాబట్టి కంపెనీలు జాయింట్ల గ్రీజును, గేరాయిల్ చిక్కదనాన్ని, బేరింగ్ సీళ్లను కూడా వదిలిపెట్టడం లేదు.

సరుకు బళ్లలో మాత్రం సాలిడ్ యాక్సిల్ ఇంకా గట్టిగానే ఉంది. ఈ-రిక్షాల్లో మోటారును నేరుగా వెనక యాక్సిల్ హౌసింగ్‌కే బిగిస్తారు. పెద్ద ట్రక్కులకు మోటారూ గేర్లూ కలిపి ఒకే యాక్సిల్ హౌసింగ్‌లో ఇమిడ్చిన ఈ-యాక్సిల్‌లు వస్తున్నాయి. వాటిలో వంగే జాయింట్ ఒక్కటీ ఉండదు. కానీ మోటారు బరువంతా స్ప్రింగుల కిందికి చేరి, గుంత పడినప్పుడల్లా ఆ బరువు టైరుతోపాటు ఎగిరిపడుతుంది. ఆ ఊపును షాక్ అబ్జార్బర్లు వేడిగా మార్చి వదిలేస్తాయి, ఆ వేడి కూడా బ్యాటరీ నుంచి వచ్చిందే. నున్నటి రోడ్డు మీద ఇది లెక్కలోకి రాదు. గుంతల రోడ్డు మీద మాత్రం జాయింట్లలో మిగిల్చినదాన్ని ఇది తిరిగి తీసుకునే వీలుంది.